పేరు మారిన సవరణ

కోరుట్ల,
27 అక్టోబరు 2011

లక్ష్మీరాజం అన్నా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను.

సమ్మెలో బస్సులు ఆగి నేను ఇంట్లో చిక్కుకున్నప్పుడు, జగిత్యాలలో మీ అత్తగారింటి నుంచి బండి మీద వచ్చి నా పెన్‌డ్రైవ్ తీసుకున్నావు. మా అమ్మ అన్నం పెట్టింది. "ఫికర్ చెయ్యకు చెల్లె, ఆఫీసుకు పోంగనే నీ పేరు మీద పంపిస్త" అన్నావు.

అందులో పదిహేను రోజుల నా పని ఉంది. మన గ్రాఫిక్స్ డ్రైవర్ ప్రోగ్రాం, కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డును సిద్ధం చేస్తూ మధ్యలో విఫలమైతే, అప్పటిదాకా తీసుకున్న మెమరీని వదలకుండానే బయటికి వచ్చేది. అలాంటి చోట్లన్నీ వెతికి సరిచేశాను.

నిన్న జగిత్యాల నెట్ సెంటర్‌లో మన ప్రాజెక్టు పేజీ చూస్తే ఆ సవరణ నీ పేరు మీద ఉంది. నా గురించి మేనేజర్ అడిగితే, "ఆమె పని ఇడిసిపెట్టి ధర్నాల కూసున్నది" అన్నావని మన ఆఫీసులోని విజయ చెప్పింది. పొద్దున పూట సమ్మె ధర్నాలో కూర్చున్నది నిజమే. పని మానలేదని నీకు తెలుసు.

నువ్వు పంపినదాంట్లో ఒక తప్పు ఉంది. ఒకచోట, వదిలేసిన మెమరీనే మళ్లీ వదులుతుంది, కంప్యూటర్ ఆగిపోతుంది. ఆ తప్పు నాదే. నిన్ననే సరిచేసి నా పేరుతో పంపాను. ఇంత తొందరగా ఎలా పట్టుకున్నావని మేనేజర్ నన్ను అడిగాడు.

మొదట రాసింది నేనే కనుక అని జవాబిచ్చాను.