పదిహేడో పేజీ

జూన్ 3, సోమవారం

తప్పులుంటాయి. దస్తూరీ బాగుండదు. నా చదువు ఏడో తరగతితో ఆపేశారు. చదివినవాళ్ళు తిట్టుకోకండి. ఎవరూ చదవరనుకోండి.

ఇది నిజానికి రిజిస్టరు. కౌముది మేడమ్ ఇచ్చారు. ఆవిడ ఎచ్చెర్ల దగ్గర కాలేజీలో పాఠాలు చెప్తారు. వాళ్ళ నాన్నగారు పోయాక ఆయన పుస్తకాలన్నీ రెండు గోనెసంచుల్లో వేసి మా జీడిపిక్కల షెడ్డుకి తెచ్చారు. ఎవరు ఏది పట్టుకెళ్ళారో ముందు పేజీల్లో రాయమన్నారు. వెనకనుంచి నా సంగతులు రాసుకుంటున్నాను.

ఏది ఎవరికి బాగుంటుందో నువ్వే చెప్పు యమునా, అన్నారు మేడమ్. పదిమందిలో నాకు నోరు రాదు. అందుకని చీటీ రాసి ఒక్కో పుస్తకానికి దారంతో కడుతున్నాను.

జూన్ 7

ఈ వారం చీటీలు.

పాముల పుస్తకం: "గట్ల మీద నడిచేవాళ్ళకి. విషం లేనివి కూడా ఉన్నాయి."

చేపల వేటకి పోయి సముద్రంలో నలభై రోజులు తప్పిపోయిన మనిషి సొంతంగా రాసుకున్నది: "ఇంట్లోంచి ఎవరైనా వలస పోయినవాళ్ళకి. చివర తిరిగొస్తాడు. ముందే చెప్పేస్తున్నాను, భయపడకుండా చదవండి."

నక్షత్రాల పుస్తకం: "పిల్లలు అడిగేవాటికి జవాబు రానివాళ్ళకి."

అసిరమ్మ షెడ్డులో మా అందరికన్నా పెద్దది. అక్షరం రాదు. మోకాళ్ళ నొప్పుల పుస్తకం పట్టుకెళ్ళింది. సదువు రాపోతే ఏటి, బొమ్మలో ముసల్ది అచ్చం నాలాగే కూకున్నాది కదా, అంది. ఏ బొమ్మలో ఏముందో నాచేత చదివించుకుంది.

నా పక్క పీట రాణిది. పది పాసైంది. నేనిచ్చిన ప్రేమ నవల మర్నాడే తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఒసే యమునా, నూరు పేజీలైనా ఒక్కడూ సావలేదేటే, సంపుడున్న పుస్తకం ఇయ్యవే, అంది. షెడ్డంతా నవ్వింది. హత్యల నవల ఇచ్చాను.

జూన్ 12

మా ఆయన కొట్టాడు. ఎందుకో రాస్తే అది కారణంలా కనిపిస్తుంది. రాయను.

జూన్ 15, మధ్యాహ్నం 1 గంట

రాణి ఎడమ కన్ను మూసుకుపోయింది. రాణి మొగుడు ఎర్రన్న మా ఆయనకి దోస్తు. ఇద్దరూ ఒకే లారీకి లోడింగ్ చేస్తారు.

నవలలో చంపేవాడికి పగ ఉంటుంది, ఆస్తి ఉంటుంది. ఎర్రన్నకి పులుసులో ఉప్పు తగ్గింది.

నీ కన్ను మాడిపోయిన పప్పునాగున్నాదే, గ్రేడింగులో తీసేస్తారు, అంది అసిరమ్మ. రాణి నవ్వింది. నవ్వితే పెదవి చిట్లింది. రక్తం మింగేసి పిక్కలు కొట్టుకుంది.

జూన్ 18

రెండో సంచి అడుగున ఒక పల్చటి పుస్తకం దొరికింది. ఎర్ర అట్ట. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళకి చట్టం ఏం చెప్తుందో అందులో ఉంది. పదిహేడో పేజీ పదిసార్లు చదివాను. కొట్టినవాడి ఇంట్లోంచి కొట్టించుకున్న మనిషే పోవాలని లేదట. ఫిర్యాదుకి ఆమే రావాలని కూడా లేదట. తెలిసినవాళ్ళు ఎవరైనా వెళ్ళి, ఇలాంటివి చూసే ఆఫీసరుకి చెప్పొచ్చట. ఇప్పుడు అది నాకు నోటికొచ్చు.

చీటీ రాశాను. "ఇది కథ కాదు. పదిహేడో పేజీ చూడు." హత్యల నవల రెండో భాగానికి దాన్ని జతచేసి కట్టి రాణికిచ్చాను. పని దిగే వేళ. అప్పటికింకా రాణి బూడిదతో చేతులు రుద్దుకోలేదు. పిక్కల తొక్కల్లోంచి కారే నూనె వేళ్ళకి నల్లగా పట్టేస్తుంది, దేన్ని ముట్టుకుంటే దానికి అంటుకుంటుంది. ముందు చేతులు కడుక్కో అని చెప్పాలి. అందరూ చూస్తున్నారు. నోరు రాలేదు.

జూన్ 21, సాయంత్రం 6

ఇది త్వరగా రాసేయాలి.

నాలుగు గంటలకి ఎర్రన్న మా ఇంటికొచ్చాడు. చేతిలో ఎర్ర అట్ట పుస్తకం. ఎర్రన్నకి చదువు రాదు. బావా, పుస్తకం అంతా తెల్లగున్నాది, ఈ ఒక్క కాయితం మాత్రం నలిపి నల్లగా సేసేసింది, ఏటుందో సదివి సెప్పు, అన్నాడు. మా ఆయన నరేష్ పెద్దగా చదివాడు, రేడియోలో వార్తలు చదివినట్టు. నేను వంటింట్లో వంకాయలు కోస్తున్నాను. చదువుతుంటే మధ్యలో చీటీ కింద పడింది. మా ఆయన తీసి చూశాడు. చాలాసేపు చూశాడు. నా రాత ఆయనకి తెలుసు. కిరాణా చీటీలు నేనే రాస్తాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎర్రన్న వెళ్ళిపోయాడు. వాళ్ళిల్లు నాలుగిళ్ళ అవతల. ముందు గిన్నెలు పడ్డ చప్పుడు. తర్వాత రాణి. ఓలమ్మో, ఓలమ్మో అని. వీధిలో అందరూ వాకిళ్ళలో నిలబడ్డారు, ఎవరి వాకిట్లో వాళ్ళు. తర్వాత చెక్కతో కొట్టిన చప్పుడు, పిక్క పగిలినట్టు. ఆ తర్వాత రాణి గొంతు లేదు.

నా చేతిలో కత్తి ఉంది. వంకాయ ఉంది. నేను వంకాయ కోశాను.

జూన్ 24

దస్తూరీ ఇంకా పాడైంది. ఎడమ చేత్తో రాస్తున్నాను. ఏమీ అనుకోకండి.

శనివారం పొద్దున్న మా ఆయన షెడ్డు వెనక్కి రమ్మన్నాడు. తొక్కల నూనె డబ్బా మూత తీశాడు. రాసిన సెయ్యి ఏదే, అన్నాడు. నేను చూపించాను. లాక్కోలేదు, పరిగెత్తలేదు, చూపించాను. మణికట్టు దాకా ముంచి పట్టుకున్నాడు. ఆ నూనె వెంటనే మండదు. మంట ఎక్కడానికి కొంచెం టైమ్ పడుతుంది. ఆ టైమంతా పట్టుకునే ఉన్నాడు.

షెడ్డు సూపర్‌వైజరు అనూరాధ కిటికీలోంచి చూసింది. వెళ్ళి కాటాలో పప్పు తూచుకుంది.

చర్మం తొక్కలా ఊడొస్తోంది.

జూన్ 25

రాణి టెక్కలి ఆసుపత్రిలో ఉంది. దవడ విరిగింది, పళ్ళకి తీగ కట్టారు. నూతి గట్టు మీద జారిపడిందని ఎర్రన్న చెప్పాడట. ఎర్ర అట్ట పుస్తకం మా షెడ్డులో పిక్కలు కాల్చే బట్టీలో వేశాడు. నా కళ్ళెదుటే.

జూన్ 27

అన్నం వేళ అసిరమ్మ నా ముందు కూర్చుంది. ఆ పదిహేడో కాయితం నాకూ సదివి సెప్పవే, అంది. కాలిపోయింది అన్నాను. కాయితం కాలింది గానీ నీ బుర్ర కాల్నేదు కదే, అంది.

చెప్పాను. మొదట అసిరమ్మకే చెప్పాను. పీటలు జరిగాయి. చుట్టూ ఇరవైమంది. మధ్యలో ఆగలేదు. అనూరాధ గుమ్మం దగ్గర నిలబడి వింది. చివర్న, ఆఫీసరు ఎక్కడుంటారు, శ్రీకాకుళంలోనా, అని అడిగింది. అప్పుడు చూశాను, ఆమె మెడ మీద కూడా మచ్చ ఉంది.

సాయంత్రం దాకా ఎడమ చేత్తో ఆ పేజీనే విడి కాయితాల మీద రాశాను. పాముల పుస్తకంలో ఒకటి, సముద్రంలో ఒకటి, నక్షత్రాల్లో ఒకటి, వంటల్లో ఒకటి. ఎవరు ఏది పట్టుకెళ్ళినా ఇది కూడా వెళ్తుంది. ఈ రిజిస్టరులో కూడా, వెనకనుంచి పదిహేడో పేజీలో రాసుకున్నాను.

జులై 2, మధ్యాహ్నం

వాళ్ళిద్దరూ షెడ్డుకొచ్చారు. మా ఆయనా, ఎర్రన్నా. ఆ పేజీ మళ్ళీ రాసి పంచుతున్నానని విన్నారట, ఏ పుస్తకంలో ఏ పేజీ నల్లబడిందో చూస్తామన్నారు.

పాముల పుస్తకం తెరిచారు. అన్ని పేజీలూ నలుపే. సముద్రం, అన్నీ నలుపే. నక్షత్రాలు, వంటలు, దయ్యాల కథలు, మొదటి కాయితం నుంచి చివరి కాయితం దాకా వేలిముద్రలు. నాకు తెలియదు. నాలుగు రోజులుగా ఆడవాళ్ళు చేతులు కడుక్కోకుండానే పేజీలు తిప్పారట. పనిగట్టుకుని, నేను రాసిన కాయితాలు మాత్రం తీసి దాచుకుని. చదువు రానివాళ్ళు కూడా.

సదువు నాయనా, బాగా సదువు, ఏ కాయితం కావాలి నీకు, అంది అసిరమ్మ. ఎర్రన్న ఆమె చెంప మీద కొట్టాడు. అసిరమ్మ పడిపోయింది. పడినచోటు నుంచే, పిక్కలు కొట్టే చెక్కతో ఎర్రన్న మోకాలి చిప్ప పక్కన ఒక్కటి కొట్టింది. కాలు విరిగినట్టు కూలబడి అరిచాడు. అక్కడ దెబ్బ తగలకూడదని ఆ మోకాళ్ళ పుస్తకంలో బొమ్మేసి ఉంది. చదివి చెప్పింది నేనే.

ఇరవైమందీ లేచారు. ఇరవై చెక్కలు. ఇంకెవరూ కొట్టలేదు. చెక్కలు దించనూ లేదు.

మా ఆయన ఎర్రన్నని లేపుకుని వెళ్తూ, నువ్వు ఇంటికి రాయే సెప్తాను, అన్నాడు.

వెళ్ళలేదు. అసిరమ్మ ఇంట్లో ఉన్నాను.

జులై 4

ఆసుపత్రిలో రాణిని చూశాను. పళ్ళకి తీగతో మాట్లాడడానికి వీల్లేదు కాబట్టి కాగితం మీద రాసింది. మొదటి మాట: సంపుడు పుస్తకం మూడో భాగం తెచ్చావా?

రెండోది: నువ్వు ఆ సేత్తో రాయలేవు, నేను సెప్పలేను. నువ్వు సెప్పు, నేను రాస్తాను. ముందు నీ ఫిర్యాదు.

కౌముది మేడమ్ రేపు ఉదయం వస్తానన్నారు. కోటబొమ్మాళి స్టేషన్లో రైలెక్కి శ్రీకాకుళం ఆఫీసరు దగ్గరికే మీ ఇద్దరి కాగితాలూ పట్టుకెళ్దాం అన్నారు. నేను నోరు తెరిచి చెప్పాలి. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పొచ్చు. నాకు తెలుసు.

జులై 5, ఉదయం 5

చీటీ. ఈ రిజిస్టరు ఎవరికి: తమ వాకిట్లో నిలబడి విన్నవాళ్ళకి. ఇది కథ కాదు. వెనకనుంచి పదిహేడో పేజీ. చేతులు కడుక్కోనక్కర్లేదు. ఆ ఒక్కటీ చింపి దాచుకుని, మిగతాది ఎవరి ఇంట్లోనూ దొరక్కుండా బట్టీలో వేసి కాల్చేయండి.