గోడ పక్క నాలుగంగుళాలు

నానక్‌రామ్‌గూడ,
జూన్ 24

ప్రియమైన వాసంతీ,

క్యారియర్ అందింది. గోంగూర పప్పు నా దగ్గర పనిలో సాయం చేసే ఎల్లమ్మకూ పెట్టాను. రెండోసారి కూడా గిన్నె చాపింది.

వచ్చి నెల దాటింది, ఇక్కడ పని అనుకున్నదానికన్నా పెద్దది. ఈ బిల్డింగులో పద్దెనిమిదేళ్ళు నడిచిన కంపెనీ ఖాళీ చేసి వెళ్ళిపోయింది. కింది లాబీలో తెల్ల మార్బుల్ మొత్తం మసకబారింది. ఆగస్టులో కొత్త కంపెనీ దిగేలోపు దాన్ని అద్దంలా చేసివ్వాలి. మధ్య భాగమంతా పెద్ద పాలిషు మిషను చూసుకుంటుంది. గోడ పక్క నాలుగంగుళాల దాకా దాని గుండ్రటి తల చేరదు. అక్కడికి అంచు మిషను కావాలి. నా దగ్గరున్నది పాతబడిపోయింది.

నేను ఇక్కడి నుంచి కదలలేను. లింగంపల్లి దాటాక సోమేశ్వరరావు గారి మిషన్ల దుకాణం ఉంది కదా, నువ్వే వెళ్ళి ఒకటి ఎంచిపెట్టు. ఎల్లమ్మను తోడు తీసుకెళ్ళు. లాబీలో పగిలిన పలక ముక్కలు ఆమెతో పంపుతున్నాను, వాటి మీదే ఆడించి చూడమను. ఒక్కటి మాత్రం మరిచిపోకు. మిషను అడుగున తిరిగే డిస్క్ రాయికి సమంగా ఆనినప్పుడు మిషను గొంతు ఎట్లా ఉంది, కాస్త వాలినప్పుడు ఎట్లా ఉంది, రెండూ విని విడివిడిగా రాయి.

ఫోన్ చెయ్యకు. నేను ఉంటున్న సెల్లార్ గదిలో సిగ్నల్ అందదు. నాకా, ఆ ఫోన్లో తెలుగు కొట్టడం రాదు. ఉత్తరమే నయం, ఎల్లమ్మ చేత పంపితే చాలు. నువ్వు రాస్తే ఏదీ తప్పిపోదు.

ఈ ఆదివారం కూడా రాలేను. సామానుకు కాపలా ఉండాలి.

వేళకు తిను.
నీ ఓబులేసు


నల్లగండ్ల,
జూన్ 28

ప్రియమైన మీకు,

నిన్న దుకాణానికి వెళ్ళాను. పదిన్నర నుంచి రెండింటి దాకా ఉన్నాం.

సోమేశ్వరరావు గారు నన్ను చూసి, "సారు రాలేదాండి?" అన్నారు. రాలేదు, నేనే చూస్తానన్నాను. "మీరా అండి! ఇది మిక్సీ కాదండి మేడమ్ గారూ" అని నవ్వారు. "మిక్సీ అయితే మీ దాకా ఎందుకొస్తానండీ?" అని నోటుబుక్కు తీశాను. ఎల్లమ్మ ఊరుకుందా! "సేటూ, అక్క బుక్కు తెరిచిందంటే ఇగ నీ పని ఖతం. జర మంచిగ చూపియ్" అంది. ఆ తర్వాత ఆయన నవ్వడం మానేసి చూపించడం మొదలుపెట్టారు.

మూడు చూశాను.

మొదటిది చేతిమిషను. రెండున్నర కిలోలు. నీళ్ళ గొట్టం దానికే ఉంది, దుమ్ము లేవదు. వేగం తగ్గించుకోవడానికి మీట ఉంది. మూలల్లోకి కూడా దూరుతుంది. కానీ మోకాళ్ళ మీద కూర్చునే చెయ్యాలి. గొంతు సంగతి: డిస్క్ సమంగా ఉన్నంతసేపూ కుట్టుమిషను లాగా ఒకే ధార. గోరంత వాలినా కీచుమంటుంది. ఎల్లమ్మ కావాలనే ఒకసారి వాల్చి చూసింది. తర్వాత ఆ రాయి మీద స్టీలు స్కేలు నిలబెడితే, కీచుమన్న చోట స్కేలు కింద కాగితం ముక్క దూరింది. అక్కడ పల్లం పడిందన్నమాట.

రెండోది బ్యాటరీది. వైరు బాధ లేదు, కానీ ఇరవై రెండు నిమిషాలకు ఆగిపోయింది. మన పనికి చాలదు.

మూడోది చక్రాల మిషను. ముప్పై ఎనిమిది కిలోలు. నిలబడి గోడ వెంట తోసుకుపోవాలి. డిస్క్ ఒకసారి బిగిస్తే వాలడమంటూ ఉండదు కాబట్టి దాని గొంతు మారదు, మొదటి నుంచి చివరి దాకా ఒకటే గుర్రు. స్కేలు పెట్టి పదకొండు చోట్ల చూశాను, కాగితం ఎక్కడా దూరలేదు. నెమ్మదిగా పోతుంది. మూలలో జానెడు మిగిలిపోతుంది.

మీ మోకాళ్ళు తలుచుకుంటే నాకు మూడోదే బాగుందనిపిస్తుంది. మొదటిది ఆపేశాక కూడా సాయంత్రం దాకా నా చెవులు గింగురుమంటూనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా మీరెట్లా భరించారు?

ఎదురు ఫ్లాటు వాళ్ళు ఖాళీ చేశారు. ఇప్పుడు మన అంతస్తులో లిఫ్టు ఆగిందంటే నా కోసమే. మన అమ్మాయి మౌనిక పూణె నుంచి ఆదివారాలే ఫోన్ చేస్తుంది, దాని ఉద్యోగం దానిది. మీ దగ్గరికి ఎనిమిది కిలోమీటర్లే, షేర్ ఆటోలో ముప్పావు గంట అని ఎల్లమ్మ చెప్పింది. అడిగి తెలుసుకున్నాను, అంతే.

ఏది కొనాలో రాయండి.

మీ మాట కోసం చూస్తూ,
వాసంతి


నానక్‌రామ్‌గూడ,
జూలై 1

ప్రియమైన వాసంతీ,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. కళ్ళకు కట్టినట్టు రాశావు.

చేతిమిషనే కొను. చక్రాలది పని చేతకానివాళ్ళ కోసం చేసింది. తాడిపత్రి నల్లబండల మీద పదహారో ఏట పని నేర్చుకున్నవాణ్ణి, దాన్ని తోసుకుంటూ తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు? శబ్దం గురించి నువ్వు బెంగపెట్టుకోకు. అది ఇప్పుడు నన్నేమీ చెయ్యదు.

ఈ ఆదివారమూ కుదరదు.

నీ ఓబులేసు


నల్లగండ్ల,
జూలై 8

ప్రియమైన మీకు,

అలవాటుగా ఆ మాట రాశాను. ఉండనివ్వండి.

నిన్న ఆదివారం నేను అక్కడికి వచ్చాను. మీకు చెప్పలేదు. చెబితే వద్దంటారని తెలుసు. జొన్నరొట్టె, గుత్తొంకాయ చేసి పదకొండింటికి ఆటో ఎక్కాను. గేటు దగ్గర రిజిస్టరులో పేరు రాయించుకుని, "లోపల సారూ, ఎల్లమ్మే ఉన్నరమ్మా, పొండ్రి" అని సెక్యూరిటీ అతను పంపించాడు.

ఎంత పెద్ద లాబీ! ఒక్క కుర్చీ కూడా లేదు, ఎల్లమ్మా కనబడలేదు. మీరు అటువైపు గోడ దగ్గర మోకాళ్ళ మీద ఉన్నారు. మిషను ఆగి ఉంది. రాయిని అరచేత్తో తడుముతున్నారు. నేను తలుపు దగ్గరే నిలబడి "ఏమండీ" అన్నాను. మీరు తిరగలేదు. పది అడుగులు ముందుకొచ్చి మళ్ళీ పిలిచాను. మూడోసారి ఎంత గట్టిగా పిలిచానంటే, ఖాళీ లాబీలో నా గొంతు నాకే తిరిగొచ్చింది. మీరు అదే చోట తడుముతూనే ఉన్నారు.

వెనక్కి వచ్చేశాను. క్యారియర్ సెక్యూరిటీ బల్ల మీద పెట్టాను. గేటు దాటుతూ ఒకసారి తిరిగి చూస్తే లాబీలో దీపాలు ఆరి మళ్ళీ వెలిగాయి. అప్పుడు లేచి నిలబడ్డారు, అద్దాల్లోంచి కనిపించింది. దీపం పిలిస్తే లేచారు, నేను పిలిస్తే లేవలేదు.

మీరు ఇంటికి రాకపోవడానికి కారణం సామాను కాదని ఇప్పుడు అర్థమైంది. నేనేం తప్పు చేశానో రెండు నెలల వెనక్కి వెళ్ళి ఒక్కో రోజూ తలుచుకుని చూశాను. నాకేమీ దొరకలేదు. నాతో ఉండాలని లేకపోతే ఒక్క వాక్యం రాయండి చాలు. పదిహేనో తేదీకి పూణె టికెట్టు తీసుకున్నాను.

చేతిమిషను మీరన్నట్టే కొని పంపుతాను. శుక్రవారం లోపు కావాలో, ఆ తర్వాతైనా ఫరవాలేదో చెప్పండి.

వాసంతి


నానక్‌రామ్‌గూడ,
జూలై 9

ప్రియమైన వాసంతీ,

నువ్వు వచ్చిన సంగతి క్యారియర్ చూశాకే తెలిసింది. నువ్వు పిలిచిన సంగతి నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

నాకు వినపడదు.

ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి పావు వంతు ఉంది. ఏప్రిల్‌లో డాక్టరు చూసి చెప్పాడు. అంచు పని గోడకు ఆనుకుని చేస్తాం కదా, మిషను శబ్దం గోడకు కొట్టుకుని తిరిగి చెవిలోకే వస్తుందట. ముప్పై ఏళ్ళు అట్లా వచ్చింది. ఇక్కడ వీళ్ళు నన్ను పిలవాలంటే దీపం ఆర్పి వెలిగిస్తారు. నువ్వు చూసింది అదే.

మే నెల మొదట్లో ఒక రోజు నువ్వు బట్టలు ఆరేయడానికి మేడ మీదకి వెళుతూ, మూడు విజిల్స్ రాగానే కుక్కర్ ఆపమన్నావు. పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుని మొదటి విజిల్ కోసం చెవి రిక్కించాను. ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. పప్పు మాడి వాసన వచ్చింది. "పేపర్లో పడితే మీకు లోకమే తెలీదు" అని కిందికి దిగొచ్చిన నీ పెదవులు కదిలినట్టు పోల్చుకున్నాను. నువ్వు నవ్వుతున్నావు. నేనూ నవ్వాను. ఆ రోజే అనుకున్నాను, ఇంట్లో ఉంటే నీకు తెలిసిపోతుందని.

అసలు కష్టం ఇంకొకటి. అంచు పని చెవితో చేస్తాం. డిస్క్ వాలితే కంటికి కనబడదు, గొంతు మారుతుంది, ఆ క్షణమే చెయ్యి సర్దుకుంటుంది. ఇక్కడికి రాగానే తూర్పు గోడ పొడవునా, అరవై అడుగులు, నా చేతులతో నేనే గతుకులు పెట్టాను. నాకు తెలియనే తెలియదు. వాళ్ళ ఇంజనీరు టార్చిలైటు నేలకు ఆనించి వేసి చూపించాడు. అలలు అలలుగా కనబడింది. టార్చి ఆర్పి వెళ్ళిపోయాడు. ఆదివారాలు దాన్నే సరిచేస్తున్నాను. సరిచేసిన చోట మళ్ళీ పల్లం పెడుతున్నాను.

నీచేత గొంతు వినిపించుకుని రాయించుకున్నది అందుకే. నీ ఉత్తరంలో "కీచు" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అది విని ఏడాది దాటింది. అయినా చేతిమిషనే కొనమన్నాను. చక్రాలది కొంటే నా చెయ్యి అయిపోయిందని ఒప్పుకున్నట్టే కదా.

పూణె వెళ్ళాలనుకుంటే వెళ్ళు, ఆపను. కానీ నువ్వు పిలిస్తే నేను పలకలేదని మాత్రం అనుకోవద్దు.

గుత్తొంకాయ బాగుంది. మొత్తం నేనే తిన్నాను.

నీ ఓబులేసు


నల్లగండ్ల,
జూలై 12

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం మొదటిసారి చదివి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా కోపం వచ్చింది. మూడోసారి చదివాక లేచి పనులు మొదలుపెట్టాను. ఏం చేశానో వరసగా చెబుతాను, మధ్యలో అడ్డు చెప్పడానికి మీరిక్కడ లేరు.

పూణె టికెట్టు రద్దు చేశాను.

చక్రాల మిషను తీసుకున్నాను. పని చేతకానివాళ్ళదన్నారు. దుకాణంలో దాన్ని నేలకు సమంగా బిగించడానికి సోమేశ్వరరావు గారికే అరగంట పట్టింది, మధ్యలో రెండుసార్లు చెమట తుడుచుకున్నారు. ఎంత బిగించాలో, ఏ రాయికి ఏ డిస్క్ వెయ్యాలో, ఎక్కడ ఆపాలో దానికి తెలియదు. అవి మీకు తెలుసు. దానికి మీ చెవి అక్కర్లేదు. అడుగుకొకసారి స్కేలూ కాగితమూ పెట్టి చూసుకుంటే మీ కన్నూ చెయ్యీ చాలు.

మూలల్లో మిగిలే జానెడు మీ పాత చేతిమిషనుతో ఎల్లమ్మ చేస్తుంది. ఆమెకు చేతిమిషను వచ్చు. మీరు ఒక్కరోజూ అడగలేదట. నిన్న దుకాణంలో నాలుగు మూలలు చేయించాను. చెవుల్లో దూది కుక్కి, పైన హెడ్‌ఫోన్ల లాంటివి పెట్టించి చేయించాను. "గివి పెట్టుకుంటే మిషిను సప్పుడు గోడవతల ఉన్నట్టు వస్తది, కానీ కీచుమంటే తెలుస్తది అక్కా" అంది. స్కేలు పెట్టి చూశాను. రెండు మూలలు బాగొచ్చాయి, రెండు రాలేదు. "సారు ఒప్పుకుంటడా?" అని అడిగింది. ఒప్పుకోడు, నువ్వు పని మొదలుపెట్టు అన్నాను.

వచ్చే గురువారం పదకొండింటికి లింగంపల్లిలో చెవి డాక్టరు దగ్గర మీ పేరూ ఎల్లమ్మ పేరూ రాయించాను. మీకు వినికిడి మిషను ఎంచాలట, చాలా రకాలున్నాయట. ఎన్ని ఉన్నా కూర్చుని చూస్తాను.

ఇప్పుడు నా సంగతి ఒకటి. మీరు వెళ్ళాక, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడని రోజులు ఇరవై మూడు. క్యాలెండర్లో చుక్కలు పెట్టుకుంటూ వచ్చాను. మీరు అక్కడ వినపడక, నేను ఇక్కడ మాట్లాడక, ఒకే ఊళ్ళో రెండు నెలలు గడిపేశాం. ఇది నాకు నచ్చలేదు.

నిన్న అద్దం ముందు నిలబడి "ఏమండీ" అని చూసుకున్నాను. పెదవులు మధ్యలో ఒకసారి కలిసి విడిపోతాయి, అంతే. దూరం నుంచి చూసేవాళ్ళకు అది ఏ మాటైనా కావచ్చు. మీ పేరు అట్లా కాదు. మొదటి అక్షరానికి నోరు గుండ్రంగా అవుతుంది, రెండోదానికి పెదవులు గట్టిగా మూసుకుంటాయి, మూడోదానికి నాలుక పైకి లేస్తుంది. ఎంత దూరం నుంచైనా అది మీ పేరేనని తెలుస్తుంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మిమ్మల్ని పేరుతో పిలవలేదు. రేషన్ కార్డు గుమాస్తా భర్త పేరు చెప్పమంటే కాగితం మీద రాసిచ్చాను. నిన్న మాత్రం తలుపు గడియ పెట్టి, చాలాసార్లు పలికాను. మొదట సిగ్గేసింది. తర్వాత బాగానే ఉంది.

రేపు శనివారం పదింటికి మిషనుతో వస్తాను. వెనక నిలబడను. గోడకూ మీకూ మధ్యకు వచ్చి, మీ ముఖంలోకి చూసి పిలుస్తాను.

పలకండి.

మీ వాసంతి