వేలిముద్ర పడని చేతులు

అప్పా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉదయం మా ఆన్‌లైన్ సెంటరుకి కళ్లను చూసి మనిషిని పోల్చుకునే మిషను వచ్చింది. ఇక వేలిముద్రలతో పని లేదు.

నీ రేషన్ కార్డు ఈకేవైసీకి వేలిముద్ర వేయడానికి నువ్వు మా సెంటరుకొచ్చిన రోజు నాకు నిత్యం గుర్తొస్తుంది. పలాసలో పన్నెండేళ్లు జీడిపిక్కలు ఒలిచి, ఆ రసానికి నీ వేళ్ల మీద గీతలన్నీ మాసిపోయాయి. అక్క కూలితోనే కంప్యూటర్ నేర్చుకున్న తమ్ముణ్ని, నాకు తెలియనిదా? అయినా మూడోసారి కూడా మిషను ఎర్రలైటు చూపించి, వరసలో వెనకవాళ్లు గొణిగేసరికి, తలెత్తకుండా కసిరాను.

"చేతులు శుభ్రంగా కడుక్కుని రామ్మా."

అప్పా అని పిలవలేదు. ఎవరో పరాయి మనిషితో అన్నట్టు అమ్మా అన్నాను. నువ్వు "అలాగే సారూ" అన్నావు. నా పరువు కాపాడావు. బోరు దగ్గర కొబ్బరి పీచుతో వేళ్లు రక్తాలు కారేలా తోముకొచ్చావు. అప్పుడూ ముద్ర పడలేదు. సర్వర్ డౌనని అబద్ధమాడి పంపేశాను.

ఇవాళ కొత్త మిషను ముందు మొదట కూర్చున్నది కూడా పిక్కలు ఒలిచే మనిషే. చేతులు కొంగులో దాచుకుని, "సేతులు కడుక్కునొత్తాను సారూ" అంది.

"అక్కర్లేదమ్మా, ఇటు సూడు" అన్నాను. ఒక్కసారికే పచ్చలైటు వెలిగింది.

ఆ రోజు "సారూ" అన్నప్పుడు నీ కళ్లెలా ఉన్నాయో నాకు తెలీదప్పా. నేను చూసింది నీ వేళ్లనే.