నా బదులు నూకమ్మ

పాస్టరు జీవరత్నం అయ్యగారికి వందనాలు.

ఈ ఆదివారం సాక్ష్యం చెప్పేవాళ్ళలోంచి నా పేరు తీసేయండి. బాప్తిస్మం తీసుకున్న మూడో వారమే, ప్రభువు నా కోపాన్ని పూర్తిగా తీసేశాడని సంఘం ముందు చెప్పేశాను. పోసిన ఇనుము చల్లారకముందే అచ్చు విప్పితే బీట పడుతుందని, నేను పనిచేసే హథ్‌ఖోజ్ ఫౌండ్రీలో కొత్తవాళ్ళకి చెప్పేది నేనే. అయినా తొందరపడ్డాను.

నిన్న కూరలో ఉప్పు తక్కువైందని నా భార్య నూకమ్మను పుట్టింటివాళ్ళతో కలిపి తిట్టాను. సాయంత్రం క్షమించమని అడిగితే, "నిరుడైతే కంచం నా మొగాన ఇసిరీసీవోడివి. ఈపాలి కంచం కింద ఎట్టి తిట్టినావు," అంది.

నా బదులు సాక్ష్యం ఆమెను చెప్పనివ్వండి. కంచం సంగతి దాచొద్దని నేనే చెప్పాను.