నల్లోడి బొచ్చు కింద

మల్లన్నా,

నీ పేరు గట్టిగా పలకలేం కనుక, నువ్వు నేర్పిన అక్షరాలతో రాస్తున్నాను.

ఇవాళ గొర్రెలకు ఉన్ని కత్తిరించారు. ఆనవాయితీగా మన మంద కుక్క నల్లోడి బొచ్చుకు కూడా బాపు కత్తెర పెట్టాడు. కళ్ల మీది జుట్టు మాత్రం వదలమన్నాను. అది ఎండ ఆపుతుందని నువ్వే చెప్పావు.

మిలిటరీవాళ్లు నిన్ను కాల్చి, ఊళ్లో పడేసి, ఎవడని అడిగిన రోజు మేమంతా తెలియదన్నాం. దళంలో చేరినవాడి ఇల్లని తెలిస్తే తగలబెట్టేవాళ్లు. నల్లోడు మాత్రం వెళ్లి నీ పక్కన పడుకున్నాడు.

"గది పిచ్చికుక్క దొరా, ఎవ్వల పక్కనైనా పంటది" అంటూ బాపు రాయి విసిరాడు.

ఇవాళ బొచ్చు కింద ఆ దెబ్బ మచ్చ బయటపడింది. బాపు చెయ్యి ఆగిపోయింది.

"జర నువ్వు కత్తిరించు బిడ్డా" అన్నాడు.

నల్లోడు లేచి, ఇంకా కత్తిరించని రెండో పక్కను బాపు వైపే తిప్పి పడుకున్నాడు.

నీ చెల్లె