రెండు సైకిళ్లు, మధ్యలో పెళ్లికొడుకు

కాశీనాథం మామకు నమస్కారాలు.

చంద్లాపూర్‌కు నన్ను తాడుతో కట్టేసి తెచ్చారని మీకు కబురు అందిందట. అది నిజమే గానీ, మీరనుకున్నట్టు కాదు. ఫోన్లో మీరు తిట్టడమే తప్ప వినరు కనుక రాస్తున్నాను.

సంబంధం వాళ్ల దుకాణానికి మీరు పంపిన రెండు కొత్త సైకిళ్లను పికప్ వెనక నిలబెట్టి కట్టాం. సిద్దిపేట దాటకముందే అవి ఒకదాన్నొకటి గుద్దుకోసాగాయి.

"మధ్యల మెత్తటిది ఏమన్న ఉండాలె," అన్నాడు డ్రైవర్ శైలేందర్, నా పొట్ట వైపు చూస్తూ.

సైకిళ్లకు ఒక్క గీత పడినా ఇంటికి రావద్దని మీరన్నారు కదా! నేనే మధ్యలో నిలబడ్డాను. పడిపోకుండా నన్నూ కలిపి కట్టేశాడు.

చంద్లాపూర్‌లో దిగాక ముడి ఊడలేదు. శైలేందర్ కత్తి కోసం వెళ్లాడు. అంతలో పిల్ల భువనే బయటికొచ్చింది.

"నాయినా, రెండే అన్నరు గదా, గీ మూడోది ఏంది?"

జవాబుగా సైకిల్ బెల్లు కొట్టాను. ఆమె పడిపడి నవ్వి, తనే ముడి విప్పింది.

"గీతలు పడ్డయా?" అనడిగాను.

"సైకిళ్లకు లేవు. మీ మొఖం మీదనే ఉన్నయి," అంటూ పసుపు తెచ్చిచ్చింది.

సాయంత్రం వాళ్ల నాయినతో, "సైకిళ్లనే గింత పైలంగ తెచ్చిండు, నన్ను సూస్కోడా?" అన్నది. ఒప్పుకున్నట్టే మామా!

ఈ ఉత్తరం శైలేందర్ చేతికే ఇచ్చి పంపుతున్నాను, మీరు రేపే వచ్చి మాట ఖాయం చేయండి. నాకొక అంగీ తెండి. నాదంతా గ్రీజు కావడంతో, ఆమె నాయిన అంగీ తొడుక్కుని ఆయన ఎదుటే కూర్చుని రాస్తున్నాను.

మీ మేనల్లుడు