ఎనిమిది నాడాలు

ఢిల్లీ,
8 సెప్టెంబర్ 2024, ఆదివారం.

ప్రియమైన అబ్బాజాన్‌కు,

సలాం. నలభై ఏళ్లు సుత్తె మోత విన్న చెవులు మీవి. ఫోన్‌లో నేనెంత అరిచినా మీకు సగమే అందుతుంది. మిగతా సగం అమ్మీ తనకు తోచినట్టు కల్పించి చెబుతుంది. అందుకే ఇక నుంచి ఉత్తరాలు రాస్తాను. నింపాదిగా చదువుకోండి.

ఆసుపత్రిలో నర్సుగా చేరి రెండు నెలలైంది. పని కష్టమే కానీ సిస్టర్ అని పిలిచి రోగులు నా చెయ్యి పట్టుకుంటే ఆ కష్టం తెలియదు. నా గదిలో ఉండే రక్షితది అల్వాల్. ఆమె ఆదివారాలకు ఒక నియమం పెట్టింది. "టికెట్ లేని జాగలే తిరగాలె, పొద్దుందాక తిరగాలె" అంటుంది. అట్లా ఇప్పటికి సగం ఢిల్లీ చూసేశాం. లోధీ గార్డెన్‌లో పాదుషాల సమాధుల పక్కనే జనం చాపలు పరుచుకుని పూరీలు తింటున్నారు. గాంధీ గారు చివరిసారి నడిచిన దారిలో ఆయన అడుగులను రాతిలో చేసి పెట్టారు. వాటి పక్కన ఎవరూ చెప్పకుండానే మా నడక నెమ్మదైంది. యుద్ధ స్మారకం దగ్గర గోడల మీద సైనికుల పేర్లు చదువుతూ మన వైపు పేర్లు వెతుక్కున్నాం.

ఈ రోజు ఒక పాత బంగళాలో ఉన్న పల్లె పనిముట్ల మ్యూజియంకు వెళ్లాం. టికెట్ లేదు కానీ గుమ్మం దగ్గర పెద్ద రిజిస్టర్ ఉంది. పేరు, ఊరు, చేసే పని, చివర అభిప్రాయం రాయాలి. అందరూ హిందీలోనో ఇంగ్లిష్‌లోనో రాశారు. నేను తెలుగులో రాశాను. ఊరు రావల్కోల్, పని నర్సు. రాసి ఒకసారి నేనే చదువుకున్నాను.

లోపల నాగళ్లు, గొర్రులు, మోట బొక్కెనలు ఉన్నాయి. మన దగ్గర వానకు తడిసేవన్నీ ఇక్కడ అద్దాల వెనక ఉన్నాయి. మూడో గదిలో ఒక చిన్న ఇనప ముక్క ఉంది. దాని కింద "గుర్రపు నాడా, విరిగిన సగం, దక్కన్ ప్రాంతం" అని రాసి ఉంది. నేను గుర్తుపట్టాను, మన కొట్టంలో ఉండేలాంటిదే. రక్షిత మాత్రం "ఇరిగిపోయిన ముక్కను గూడ దాసిపెట్టిన్రు, జూడు" అని నవ్వింది. నేనూ నవ్వి పక్క గదిలోకి వెళ్లిపోయాను.

అమ్మీకి సలాం చెప్పండి.

మీ బిడ్డ,
అనం


రావల్కోల్,
20 సెప్టెంబర్ 2024.

ప్రియమైన బిడ్డ అనంకు,

దుఆలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి నాకోసం, ఒకసారి మీ అమ్మీకోసం, ఒకసారి ఎడ్లబండి గండయ్యకోసం. "మన అనం పాదుషాల తోటల తిరుగుతాందా" అని గండయ్య ఆ ముక్క మళ్లీ చదివించుకుని మరీ పోయాడు. మీ అమ్మీకి మాత్రం అనుమానం తీరలేదు. "పైసల్లేకుంట లోపటికి రానిస్తాన్రంటే బయటికి వచ్చేటప్పుడు ఏమన్న అడుగుతరేమో, జర పైలమని రాయి" అంది. రాశాను.

ఇక ఆ ఇనప ముక్క సంగతి. బిడ్డా, నాకు కోపం వచ్చింది. అది సగం కాదు, విరగలేదు, గుర్రానిది అంతకన్నా కాదు. గుర్రానికి గిట్ట ఒకటే ముద్ద, కాలికి ఒక నాడా చాలు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. కాలికి రెండు లెక్కన నాలుగు కాళ్లకు ఎనిమిది కావాలి. వాళ్ల దగ్గర ఉన్నది ఎనిమిదింటిలో ఒక నిండు నాడా.

అల్వాల్‌లో మా మేనమామ మిలిటరీ గుర్రాలకు నాడాలు కొట్టే నాల్‌బంద్. నేను కొట్టేది ఎడ్లకు కాబట్టి పెళ్లిళ్లలో నలుగురి ముందు నన్ను "వీడు సగం నాల్‌బంద్" అని పరిచయం చేసేవాడు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాడిని. ద్రాక్షతోటల కాలంలో శామీర్‌పేట తారురోడ్డు మీద బండి లాగిన ప్రతి ఎద్దుకూ నా చేతి నాడాలే. ఒక్క ఎద్దూ కుంటలేదు. అయినా ఆ మాట పోలేదు. ఇప్పుడు ఢిల్లీలో అద్దాల పెట్టె కింద కూడా అదే రాసి ఉందంటే నాకు అన్నం సయించడం లేదు.

నువ్వు వాళ్లకు చెప్పాలి. ఆ నాడా బొమ్మ గీసి నాకు పంపు. రంధ్రాలు ఎన్ని, ఏ అంచున ఉన్నాయి, వంపు ఎటు తిరిగింది, అన్నీ గుర్తు పెట్టు. కానీ నా పేరు ఎత్తకు. నువ్వు ప్రభుత్వ నర్సువు. తండ్రి ఎడ్లను తాడేసి పడగొట్టి మేకులు దిగ్గొట్టేవాడని తెలిస్తే అక్కడ నిన్ను చూసే తీరు మారుతుంది. ఎక్కడో చదివానని చెప్పు.

ఇంకో కబురు. మన కొలిమి కొట్టం ఉన్న జాగాలో ప్లాట్ల రాళ్లు పాతారు. నాలుగేళ్లుగా పని లేదు కదా, నాడాలు సాగగొట్టే దాగలిని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేస్తానన్నాను. వచ్చే నెల వస్తాడు.

నీ అబ్బా,
వహాబ్


ఢిల్లీ,
29 సెప్టెంబర్ 2024, ఆదివారం.

ప్రియమైన అబ్బాజాన్‌కు,

సలాం. ఇవాళ ఒక్కదాన్నే వెళ్లి బొమ్మ గీశాను. దీంతో పాటు పెట్టాను. అద్దానికి ముక్కు ఆనించి గీస్తుంటే కాపలా ఆయన రెండుసార్లు వచ్చి చూసిపోయాడు.

తరవాత మ్యూజియం చూసుకునే పెద్దావిడను కలిశాను. మంచి మనిషి. కూర్చోబెట్టి చాయ్ ఇప్పించింది. మీరు రాసినవన్నీ చెప్పాను. శ్రద్ధగా విని "ఇదంతా ఎక్కడ చదివావు?" అని అడిగింది. ఏదో పుస్తకంలో అన్నాను. ఏ పుస్తకమని అడిగింది. గుర్తు లేదన్నాను. ఆధారం లేకుండా రాసింది మార్చలేమని, ఏదైనా దొరికితే తెమ్మని మెల్లగా చెప్పింది. అబ్బా, మీ పేరు నాలుక చివర దాకా వచ్చింది. చాయ్ తాగేసి వచ్చేశాను.

ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పేరు ఎత్తవద్దని మీరు ఇప్పుడన్నారు కానీ నేను ఆ పని ముందే చేశాను. ఉద్యోగంలో చేరేటప్పుడు కాగితంలో తండ్రి వృత్తి అనే చోట "వ్యాపారం" అని రాశాను. పక్కనున్న అమ్మాయి తండ్రి డాక్టరు. ఆమె రాస్తుంటే చూసి నా చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు రక్షిత నవ్వినప్పుడు కూడా అంతే, నాకు తెలిసి కూడా నవ్వాను. మీ మేనమామ పెళ్లిళ్లలో చేసిన పనే నేనూ చేశాను. నాకు సిగ్గుగా ఉంది.

మీ బిడ్డ,
అనం


రావల్కోల్,
11 అక్టోబర్ 2024.

ప్రియమైన బిడ్డ అనంకు,

దుఆలు. నువ్వు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నిన్ను ఒకటో తరగతిలో చేర్చినప్పుడు సారు "వహాబ్, నీ పని ఏమని రాయాలె" అని అడిగితే "వ్యవసాయమని రాయుండ్రి సార్" అని చెప్పింది నేనే. మనకు అప్పుడు గుంటెడు భూమి కూడా లేదు. నా దగ్గర నేర్చుకున్నదే నువ్వూ రాశావు.

నీ బొమ్మ చూశాను. నర్సు చేతి గీత, ఎక్కడా వణకలేదు. రంధ్రాలు మూడూ బయటి అంచునే ఉన్నాయి. లోపలి అంచున మేకు కొడితే గిట్టల మధ్య మెత్తని మాంసంలో దిగి ఎద్దు కుంటుతుంది. గుర్రపు నాడాకైతే రెండు వైపులా రంధ్రాలు ఉంటాయి. మొన కూడా విరిగిన గరుకు కాదు, సుత్తెతో గుండ్రంగా తిప్పిన మొన. అది కుడి ముందరి కాలిది, బయటి వైపుది. చేసినవాడెవరో తెలియదు కానీ మంచి పనివాడు.

ఆధారం తెమ్మంది కదా ఆవిడ. పుస్తకాలు నా దగ్గర లేవు. పాత ఇనుమువాడు మొన్న ట్రాలీ వేసుకుని వచ్చాడు. దాగలి ఇవ్వనని చెప్పాను. "నాల్గేండ్ల సంది ఊకెనే పడున్నది గద సాయబూ" అన్నాడు. "ఇగ పని వచ్చింది" అన్నాను.

కొలిమి రాజేశాను. గండయ్య తిత్తి ఊదాడు. నాలుగేళ్ల కింద నేను చివరగా నాడాలు కొట్టింది అతని ఎడ్లకే. నీ బొమ్మ కొలతకు సరిపోయేట్టు మిగతా ఏడూ చేశాను. మొదటి రెండూ పాడైపోయాయి, భుజం మాట వినలేదు. మూడోదానికి చెయ్యి దారిలో పడింది. "ఎద్దేది సాయబూ" అని దారిన పోయేవాళ్లు అడిగారు. "ఢిల్లీల ఉన్నది" అని గండయ్య జవాబు చెప్పాడు. అతనికి ఆ రోజు పండగే.

ఏడింటినీ గుడ్డలో చుట్టి పార్సెల్ చేశాను. ఏ కాలిది ఏదో సున్నంతో గుర్తు పెట్టాను. వాళ్లదాని పక్కన పెట్టి చూపించు. అదే ఆధారం. ఎవరు చేశారని అడిగితే ఊళ్లో ఎవరో అని చెప్పు. చాలు.

నీ అబ్బా,
వహాబ్


ఢిల్లీ,
10 నవంబర్ 2024, ఆదివారం.

ప్రియమైన అబ్బాజాన్‌కు,

సలాం. పార్సెల్ అందింది. రెండు వారాల కింద ఆదివారం రక్షితను వెంటబెట్టుకుని దాన్ని మోసుకుపోయాను. పెద్దావిడ అద్దాల పెట్టె తాళం తీయించి తన చేత్తోనే వాళ్ల నాడాను బయటికి తీసింది. బల్ల మీద మీ గుర్తుల ప్రకారం నాలుగు కాళ్లుగా పేర్చాం. కుడి ముందరి కాలి బయటి వైపు ఖాళీగా మిగిలింది. ఆవిడ వాళ్లదాన్ని అక్కడ పెట్టింది. సరిగ్గా కూర్చుంది. ఆవిడ ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా వేలితో తాకి చూసింది. తరవాత "ఎన్నేళ్లుగా దీన్ని సగమని చెప్తున్నామో" అంది. నాకు ఏడుపొచ్చింది, రక్షిత జేబురుమాలు ఇచ్చింది.

ఇవాళ వెళ్లేసరికి కొత్త పలక పెట్టారు. ఎనిమిదీ ఒకే పెట్టెలో ఉన్నాయి. "ఎద్దు నాడాలు, ఒక ఎద్దుకు పూర్తి సెట్టు" అని రాశారు. మీరు వద్దన్నారు కాబట్టి పలక మీద ఎవరి పేరూ లేదు.

మీరు వచ్చి చూడాలి. డిసెంబర్ మొదటివారానికి సికింద్రాబాద్ నుంచి రైలు టికెట్ చేశాను. చలికి స్వెట్టరు తెచ్చుకోండి. చెవులు వినపడవని సాకులు చెప్పకండి, మ్యూజియంలో వినేది ఏమీ లేదు, అంతా చూసేదే.

మీ బిడ్డ,
అనం


రావల్కోల్,
20 డిసెంబర్ 2024.

ప్రియమైన బిడ్డ అనంకు,

దుఆలు. క్షేమంగా చేరాను. నువ్వు ఇచ్చిన మఫ్లర్ మీ అమ్మీ చుట్టుకుని తిరుగుతోంది. లోధీ గార్డెన్ సంగతి ఊళ్లో ఇప్పటికి పదిమందికి చెప్పాను. పూరీల సంగతి కూడా చెప్పాను. మీ అమ్మీ అన్నీ విని "వచ్చేటప్పుడు ఏం అడగలేదా" అని మళ్లీ అడిగింది. ఏమీ అడగలేదు, రిజిస్టర్‌లో పేరు రాయించుకుంటారంతే అని చెప్పాను.

ఆ రిజిస్టర్ గురించే నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆదివారం మనం కలిసి వెళ్లినప్పుడు నువ్వు దానికి అడ్డంగా నిలబడి ఇద్దరి పేర్లూ నువ్వే రాశావు. నన్ను త్వరగా లోపలికి తోశావు. లోపల జనం ఎక్కువ, పెట్టె ముందు నిమిషం కూడా నిలబడలేకపోయాను. పైగా నీ ముందు కళ్లు తుడుచుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే మంగళవారం నువ్వు డ్యూటీకి పోగానే రక్షిత దగ్గర దారి రాయించుకుని ఒక్కణ్నే మెట్రో ఎక్కి పోయాను.

కాపలా ఆయన రిజిస్టర్ చూపించి పెన్ను చేతికిచ్చాడు. రాసే ముందు పేజీలు వెనక్కి తిప్పాను. అన్ని హిందీ, ఇంగ్లిష్ గీతల మధ్య తెలుగు అక్షరాలు వెతుక్కోవాల్సిన పనే లేదు, గుండ్రంగా అవే కనబడతాయి. ముందు సెప్టెంబర్ ఎనిమిది చూశాను. చేసే పని అనే గడిలో "నర్సు" అని ఉంది. సెప్టెంబర్ ఇరవై తొమ్మిదిన కూడా అంతే. అక్టోబర్ ఇరవై ఏడు, నా పార్సెల్ మోసుకుపోయిన రోజు. ఆ రోజు గడి పట్టక పక్క గడిలోకి కూడా రాశావు. "నర్సు. రావల్కోల్ నాల్‌బంద్ వహాబ్ బిడ్డను." నవంబర్ పదిన అదే ఉంది. ఆదివారం నాకు కనబడకుండా రాసిన చోట కూడా అదే ఉంది.

నేను చెప్పిన మాట నువ్వు వినలేదు. వినకపోవడమే మంచిదైంది. ఆ మూడు వరుసలూ వేలు పెట్టి చదువుకున్నాను. కాపలా ఆయన కుర్చీ తెచ్చి వేశాడు. మా మేనమామ బతికి ఉంటే ఆ పేజీ ముందు కూర్చోబెట్టేవాడిని. ఆసుపత్రి కాగితంలో వ్యాపారమని ఉంటే ఉండనీ, దానికోసం ఆఫీసుల చుట్టూ తిరగకు. నాకు ఈ రిజిస్టర్ చాలు.

తరవాత పెట్టె ముందు గంటసేపు నిలబడ్డాను, ఎవరూ కదలమనలేదు. ఒక బడి పిల్లలు వచ్చి వేళ్లతో ఎనిమిదీ లెక్కపెట్టి పోయారు.

వచ్చేటప్పుడు నా వరుస నేనే నింపాను. పేరు వహాబ్. ఊరు రావల్కోల్. పని దగ్గర చెయ్యి ఆగలేదు, నాల్‌బంద్ అని రాశాను. చివర అభిప్రాయం అని ఉంది. పనివాడిగా ఒకసారి వెనక్కి వెళ్లి మళ్లీ చూసొచ్చి, "ఎనిమిదీ సరిగ్గా ఉన్నాయి" అని రాశాను.

నీ అబ్బా,
నాల్‌బంద్ వహాబ్